సూదమ్మ మూడో దెబ్బ

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో పండ్లున్నాయి, నీళ్ళున్నాయి, అన్నిటికీ మించి న్యాయం ఉంది. వారానికోసారి రాతిగుట్ట దగ్గర సభ కూర్చునేది. సభకు పెద్ద అడవిదున్న. అందరూ ఆయన్ని దున్నదొర అనేవాళ్ళు. ఆయన కొమ్ములు చూస్తేనే సగం తగాదాలు తీరిపోయేవి.

ఆ సభకు ఒక చట్టం ఉండేది. మీదికొచ్చినవాణ్ణి ఎదురుగా నిలబడి కొడితే ఆత్మరక్షణ, వీపు తిప్పి కొడితే హత్య. ఎవరు రాశారంటారా? కొమ్ములున్నవాళ్ళు రాశారు. కొమ్ములు ముందుంటాయి కదా మరి.

అక్కడే సూదమ్మ అనే ఏదుపంది ఉండేది. మనం ముళ్ళపంది అంటామే, అదే. ఏదుపంది ముల్లు ఇంట్లో పడితే ఆ ఇంట్లో కొట్లాట తప్పదని అందరి నమ్మకం. అందుకని సూదమ్మను ఎవరూ గడప తొక్కనిచ్చేవాళ్ళు కాదు. ఎలుగుబంటి దంపతులు రోజూ కొట్టుకునేవాళ్ళు. సూదమ్మ ఎన్నడూ ఆ గుహ దరిదాపులకు పోలేదు. అయినా "ఏ గాలికో ముల్లు కొట్టుకొచ్చి ఉంటుంది" అనేవాళ్ళు ఇద్దరూ. ఆ ఒక్క విషయంలో మాత్రం వాళ్ళకు మాట కలిసేది.

సూదమ్మకు ఇద్దరు పిల్లలు ఉండేవాళ్ళు. పోయిన ఏడాది ఒక దుమ్ములగొండి వచ్చి పెద్దవాణ్ణి ఎత్తుకుపోయింది. ఎముకలు కూడా మిగల్చకుండా కొరికేసే జంతువు అది. ఇప్పుడు చిన్న కూన ఒక్కటే మిగిలింది. దానికింకా ముళ్ళు గట్టిపడలేదు.

పెద్దవాడు పోయిన రోజే సూదమ్మ సభకు పరుగెత్తింది.

"దొరా, దుమ్ములగొండి నా బిడ్డను ఎత్తుకుపోయాడు" అంది.

"చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు దున్నదొర.

"నేనే చూశాను."

"నువ్వు కాకుండా?"

సూదమ్మ తిరిగొచ్చింది. కొన్నాళ్ళకు రెండోసారి వెళ్ళింది. "దొరా, మా బొరియ చుట్టూ వాడి అడుగులు కనబడుతున్నాయి" అంది.

"అడుగులు కరుస్తాయా ఏంటి?" అంది సభలో రాతకోతలు చూసే నక్క. సభంతా నవ్వింది.

మూడోసారి వెళ్ళింది. "దొరా, నిన్న బొరియ ముందే కూర్చున్నాడు. నా కూన వంకే చూస్తున్నాడు" అంది.

దున్నదొరకు విసుగొచ్చింది. "ఒళ్ళంతా ముళ్ళు పెట్టుకుని నీకేం భయమమ్మా? నిన్ను చూసి మేం భయపడాలి గానీ!"

ఆనాటి నుంచి సూదమ్మకు కంటి మీద కునుకు లేదు. ఆకు రాలినా ముళ్ళు లేచేవి. ముళ్ళు లేస్తే గలగలమని చప్పుడు. దారిన పోయేవాళ్ళు ఆ చప్పుడు విని "చూశారా, ఊరికే ఎలా మీదికొస్తుందో!" అనేవాళ్ళు. ఏం జరిగిందమ్మా అని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు.

ఒక తెల్లవారుజామున దుమ్ములగొండి బొరియలోకి తల దూర్చింది. సూదమ్మ వీపు తిప్పింది. ఏదుపందికి అంతకుమించి దారి లేదు పిల్లలూ. దాని పెద్ద ముళ్ళన్నీ వెనకే ఉంటాయి. వీపు తిప్పి, వెనక్కి పరుగెత్తి గుద్దాలి. ఒకసారి గుద్దింది. రెండోసారి గుద్దింది. మూడోసారి గుద్దింది. అప్పుడు ఆగి తిరిగి చూస్తే దుమ్ములగొండి చచ్చి పడి ఉంది.

ఎండెక్కేసరికి అడవంతా అక్కడ మూగింది. చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు కదా. నిన్నటిదాకా ఆ దుమ్ములగొండి కనబడితే పిల్లల్ని లోపలికి లాక్కున్నవాళ్ళే ఇప్పుడు ముక్కులు చీదారు.

"ఎంత నెమ్మదస్తుడు! తన తిండేదో తనది, ఎవరి జోలికీ పోయేవాడు కాదు" అంది కుందేలు. దాని సొంత తమ్ముణ్ణి తిన్నది ఆ నెమ్మదస్తుడే. దుఃఖంలో అది గుర్తురాలేదు కాబోలు.

వెంటనే సభ కూర్చుంది. మూడుసార్లు పిలిచినా కదలని న్యాయం ఈసారి పిలవకుండానే వచ్చింది.

"ఎదురుగా కొట్టావా, వీపు తిప్పి కొట్టావా?" అని అడిగాడు దున్నదొర.

"వీపు తిప్పే కొట్టాను దొరా. నా ముళ్ళు వెనకున్నాయి."

"రాసుకో" అన్నాడు దొర నక్కతో. "ఒళ్ళంతా పెంకులున్న ఆ అలుగును చూసి నేర్చుకోవమ్మా. ఎవరైనా మీదికొస్తే మర్యాదగా ముడుచుకుంటుంది. ఏనాడైనా ఎవరినైనా ఒక్క దెబ్బ కొట్టిందా?"

అలుగు అప్పటికే ముడుచుకుని ఉంది.

"మొదటి దెబ్బకే పడిపోయాడని గాయాలు చూసిన కొంగ చెబుతోంది. రెండోది కంగారులో కొట్టావనుకుందాం. మరి మూడోది ఎందుకు కొట్టావు?" అన్నాడు దొర మళ్ళీ.

తాబేలు తాత సూదమ్మను పక్కకు పిలిచాడు. ఆ అడవిలో ఆమెతో మాట్లాడేది ఆయనొక్కడే.

"అమ్మాయ్, దెబ్బ దెబ్బకీ తిరిగి చూశానని చెప్పు. వాడు లేస్తూనే ఉన్నాడని చెప్పు. కూనను తీసుకుని ఇంటికెళ్ళిపోతావు" అన్నాడు.

"చూడలేదు తాతా."

"చూడలేదని నాకూ తెలుసులేవే. చూశానని చెప్పమంటున్నాను."

సూదమ్మ మళ్ళీ సభ ముందు నిలబడింది. ఏం చెప్పాలో అప్పటికే నిశ్చయించుకుంది.

"దొరా, పోయిన ఏడు కూడా వాడే వచ్చాడు. అప్పుడు ఒక్కసారే గుద్దాను. చచ్చాడేమో, పాపం తగులుతుందేమో అని ఆగి తిరిగి చూశాను. నేను చూసేలోపే వాడు లేచి నా బిడ్డను ఎత్తుకుపోయాడు. అందుకే ఈసారి ఆగలేదు. ఆ మూడో దెబ్బ ఈనాటి వాడికి కొట్టానో, పోయిన ఏటి వాడికి కొట్టానో నాకు తెలీదు. చూశానని మాత్రం అబద్ధం చెప్పను."

మూడో దెబ్బ కావాలా, అక్కర్లేదా? మీరు నన్నడిగితే నాకూ తెలీదు పిల్లలూ. ఆ సభలో ఒక్కరైనా "మాకు తెలీదు" అని ఉంటే నా మనసు కుదుటపడేది. కానీ అక్కడ అందరికీ అన్నీ తెలుసు.

"అంటే పోయిన ఏటి పగ మనసులో పెట్టుకుని ఈ ఏడు చంపావన్నమాట. ఇది హత్యే. దీని ముళ్ళన్నీ పీకేయండి" అన్నాడు దున్నదొర.

"దొరా, నా ముళ్ళు లేకపోతే నా కూన బతకదు. దాని ముళ్ళు గట్టిపడేదాకా ఆగండి. తర్వాత నావి పీకేయండి, కిక్కురుమనను" అని ఏడ్చింది సూదమ్మ.

"చట్టం ఎవరి కోసమూ ఆగదమ్మా" అన్నాడు దున్నదొర.

ముళ్ళు పీకే పని కొండముచ్చుకు అప్పజెప్పారు. కొండముచ్చు మెల్లగా సూదమ్మ వెనక్కి చేరింది. దాని కాలి కింద ఎండుపుల్ల ఒకటి ఫట్‌మని విరిగింది.

అంతే. సూదమ్మ ముళ్ళన్నీ ఒక్కసారి గలగలమని లేచాయి.

ఆ చప్పుడు అంత దగ్గరగా దున్నదొర ఎప్పుడూ వినలేదు. ఎగిరిపడ్డాడు. గిర్రున వెనుదిరిగి పారిపోబోయాడు. ఎక్కడ సూదమ్మ మీదపడుతుందోనని వెనక కాళ్ళతో ఎడాపెడా తన్నాడు. దుమ్ము లేచింది. దుమ్ము సర్దుకున్నాక చూస్తే సూదమ్మ నిలబడ్డచోటే నిలబడి ఉంది. దొర వెనక కాళ్ళ దగ్గర, ముందు వరుసలో కూర్చున్న కుందేలు చచ్చి పడి ఉంది.

దొర ఒళ్ళంతా వణుకుతోంది.

"ఎన్నిసార్లు తన్నారు దొరా?" అని అడిగాడు తాబేలు తాత.

"నేనేమైనా లెక్కపెట్టానా? భయం వేసిందయ్యా! భయంలో ఎవరికి ఏం తెలుస్తుంది?"

"పాపం, దొరగారు ఎంత హడలిపోయారో!" అంది ఎలుగుబంటి.

"వీపు తిప్పే కదా తన్నారు?" అన్నాడు తాత మళ్ళీ.

"తన్నే కాళ్ళు వెనకుంటే దొరగారేం చేస్తారు? ఇది ప్రమాదం" అంది నక్క. అలాగే రాసేసింది కూడా. అంతటితో ఆగిందా? "అసలు ఇది గలగలమనకపోతే దొరగారు బెదిరేవారా? కుందేలు చావు కూడా దీని ఖాతాలోదే" అంది. సభ అంతా అవునంటే అవునంది. అలా సూదమ్మ మీద రెండో హత్య పడింది.

ఇక ముళ్ళు పీకడానికి ఎవరూ ముందుకు రాలేదు. సూదమ్మ వెనక్కి పోవడానికి అసలే రాలేదు. చెట్టెక్కేసిన కొండముచ్చు దిగనంది. చివరికి ఎవరూ ముట్టుకునే పని లేని శిక్ష ఒకటి ఆలోచించి, అడవి విడిచి పొమ్మన్నారు. పోనీలెండి, ముళ్ళు దక్కాయి. కూన కూడా దక్కింది.

వెళ్ళేముందు సూదమ్మ దున్నదొర దగ్గర ఆగింది. ఆయన కాళ్ళు ఇంకా వణుకుతూనే ఉన్నాయి.

"కూర్చోండి దొరా. కాసిని నీళ్ళు తాగండి. ఆ వణుకు నాకు తెలుసు. ఇవాళ తగ్గుతుందనుకోకండి, ఏడాదైనా పోదు. రేపటి నుంచి మీ వెనకాల ఆకు కదిలినా కాలు దానంతటదే లేస్తుంది. పిల్లల్ని దగ్గరికి రానీయకండి" అంది.

కూనను ముందు నడిపించుకుంటూ వాగు దాటి వెళ్ళిపోయింది. దున్నదొర ఆమె కనుమరుగయ్యేదాకా చూస్తూనే ఉన్నాడు. పిలుద్దామని నోరు తెరిచాడు. కానీ సభంతా తన వంకే చూస్తోంది. నోరు మూసుకున్నాడు.

నీతి: భయం ఎవరికి వేసినా ఒకటే. కానీ పెద్దలకు వేస్తే దాన్ని భయమంటారు, వెలివేసినవాళ్ళకు వేస్తే నేరమంటారు. ఒకరి మూడో దెబ్బకు తీర్పు చెప్పేముందు, వాళ్ళు మూడుసార్లు మొరపెట్టుకున్నప్పుడు మీరేమన్నారో గుర్తు చేసుకోండి.