జెల్లయ్య నోట్లో పిల్లలు

అనగనగా ఒక అడవి. కొండల్లో కాదు, ఏరు సముద్రంలో కలిసేచోట, ఉప్పునీళ్లలో నిలబడ్డ మడ అడవి. అక్కడొక జెల్ల చేపల జంట ఉండేది. జెల్లల్లో గుడ్లు పెట్టడం తల్లి వంతు. వాటిని నోట్లో పెట్టుకుని, తిండి మానేసి, పిల్లలయ్యేదాకా కాపాడటం తండ్రి వంతు. ఈ సంగతి మీ నాన్నలకు కూడా చెప్పండి.

పిల్లలు పెరిగారు. జెల్లయ్య నోట్లో చోటు చాలడం లేదు. బయట వదిలితే సొరచేపలు మింగేస్తాయి. మడచెట్ల వేళ్ల సందుల్లోకైతే సొరలు దూరలేవు, తిండికీ లోటుండదు. కానీ అక్కడ పెద్దచేపలు సభ పెట్టుకుని కూర్చున్నాయి.

చర్చ ఏమిటంటే, మన తీరంలో పిల్లలెందుకు బతకడం లేదు?

మొదటిరోజు తల్లులకు తిరుగుళ్లెక్కువని తేల్చారు. రెండోరోజు తల్లులకు పెంపకం రాదని తేల్చారు. మూడోరోజు జెల్లమ్మ మొగుణ్ణి వెంటబెట్టుకుని వెళ్లింది.

"మామయ్యగారూ, కాస్త లేస్తారా? పిల్లల్ని దించాలి," అని సభకు పెద్దయిన పండుగప్పను అడిగింది.

"ఉండమ్మా, పిల్లల గురించేగా మాట్లాడుతున్నాం," అన్నాడు పండుగప్ప. "ఏరా జెల్లయ్యా, పెళ్లానికి చెప్పుకోలేవూ? నోరు లేదా నీకు?"

"ఉంది, దాన్నిండా పిల్లలున్నారు," అంది జెల్లమ్మ. "మీ నోట్లోనూ ఉంటే సభ మొదటిరోజే ముగిసేది."

పక్కనున్న పీత పడీపడీ నవ్వింది.

జెల్లమ్మ వెళ్లి తల్లులందర్నీ పిలుచుకొచ్చింది. "తల్లుల మీద చర్చ అన్నారుగా, వచ్చాం. పిల్లల్ని ఎక్కడ వదిలేది? వాళ్లూ వచ్చారు."

ఇంకేముంది, వేలెడంత లేని పిల్లలు సభంతా నిండిపోయారు. ఒకడు పండుగప్ప మొప్పలో దూరాడు. ఒకతి తోక పట్టుకుని ఊగింది. మరొకతి ఆయన కళ్లలోకి చూసి, "తాతా, మా చోట్లో ఎందుకు కూర్చున్నావ్?" అంది.

పండుగప్ప కసరబోయి కిందికి చూశాడు. చివికిన ఆకుల మధ్య పిల్లలు ఆబగా మేస్తున్నారు. సందు దొరకనివాళ్లు వేళ్ల అంచున బిక్కుబిక్కుమంటున్నారు. వాళ్ల వెనకే సొర నీడ తిరుగుతోంది.

ఆయన మెల్లగా లేచాడు. సభ మొత్తం లేచి లోతు నీళ్లకు కదిలింది.

"ఇంత చోటుందా ఇక్కడ?" అన్నాడు పండుగప్ప, వెనక్కి చూసి.

"మీరు లేచాక వచ్చింది," అంది జెల్లమ్మ.

అప్పుడు జెల్లయ్య నోరు తెరిచాడు. పిల్లలు బిలబిలా దూకి వేళ్ల మధ్యకు పరుగెత్తారు. సొర వచ్చి, సందు చాలక, మూతి గీరుకుని తిరిగిపోయింది. తల్లులు నవ్వీ నవ్వీ అలిసిపోయారు.

"నువ్వూ సభకు ఓ మాట చెప్పు," అంది జెల్లమ్మ మొగుడితో.

"ముందు తిండెక్కడుందో చెప్పు," అన్నాడు జెల్లయ్య.

నీతి: పిల్లలెందుకు బతకడం లేదని తల్లుల్ని నిలదీసేముందు, వాళ్ల చోట్లో మనం కూర్చున్నామేమో లేచి చూసుకోవాలి.