కొంగ కాలి కొలత

మీరు పెంచుతున్న జీవికి ఎన్ని నీళ్లు కావాలో ఎవరిని అడిగి పోశారు? దాన్నే అడిగారా, లేక ఒడ్డున నిలబడి పెద్దమనిషిలా తలాడించిన వాడిని అడిగారా? జవాబు తర్వాత చెబుదురుగాని. ముందు బొల్లి గేదె చేసిన పని వినండి.

గోదావరి కాలవ పక్కన ఒక అరటితోట. తోట చివర సిమెంటు తొట్టి. కాలవ నీళ్లు తొట్టిలోకి రావడానికి ఒక తూము, దానికి అడ్డంగా చెక్క పలక. బొల్లి కొమ్ముతో పలక పైకెత్తితే నీళ్లు వస్తాయి, వదిలితే ఆగుతాయి. ఆ తోటలో నీళ్ల పెత్తనమంతా బొల్లిదే. మనసు మాత్రం వెన్నపూస.

మొన్న వరదకి రెండు తాబేళ్లు కొట్టుకొచ్చాయి. పెద్దది రాగి, అరచేయంత చిప్ప, ముదురు రాగిరంగు. చిన్నది దాని చెల్లెలు బొత్తాం, పేరుకి తగ్గట్టే చొక్కా గుండీ కంటే కాస్త పెద్దది. బొల్లి రెండింటినీ తొట్టిలో వేసి పెంచుకోవడం మొదలుపెట్టింది.

"నీళ్లెన్ని పొయ్యాలో ధవళయ్య గారిని అడగాలి" అంది.

ధవళయ్య కొంగ. ఆ తోటలో ఒక ఆచారం ఉంది. గుంట తవ్వినా, మడికి నీళ్లు పెట్టినా, లోతు కొలిచేది కొంగ కాలితోనే. ఎందుకని ఎవరూ అడగలేదు. కాలు పొడుగ్గా ఉంది, కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడతాడు, ఇంకేం కావాలి?

ధవళయ్య తొట్టిలోకి తొంగిచూశాడు. బొత్తాం దగ్గర చూపు కాస్త ఎక్కువసేపు ఆగింది.

"నా వేళ్లు మునిగితే చాలు బొల్లమ్మా. పసిదాన్ని లోతు నీళ్లలో వేసి చంపుకుంటావా? ఆ పాపం నీ కొమ్ములకి చుట్టుకుంటుంది."

"నిండా నింపవే" అంది బాతు పంకజం, ఈకలు దులుపుకుంటూ. "నీళ్లంటే తేలాలి గాని, కాళ్లు కడుక్కున్నట్టు ఏంటది?"

"నువ్వు తేలతావులేవే. అందరూ నీలాగా ఖాళీ డబ్బాలా?" అన్నాడు ధవళయ్య.

పంకజం మూతి ముడుచుకుంది. తాబేళ్ల వైపు ఎవరూ తిరగలేదు. కొంగ వేళ్లు మునిగేంత నీళ్లు రాగానే బొల్లి పలక దించేసింది.

మర్నాడు ఎండెక్కాక బొత్తాం తొట్టిలో పడి ఉన్న ఒక ఇటుక మీదకి పాకబోయి జారింది. వెల్లకిలా పడింది. కింద గచ్చు, మీద వేలెడు నీళ్లు కూడా లేవు. తిరగబడదామంటే ఒంటికి పట్టు దొరకలేదు. నాలుగు కాళ్లూ గాలిని తన్నుతున్నాయి. గట్టు మీద ధవళయ్య, పూజకి వెళ్తున్నవాడిలా, మెల్లగా తొట్టిలో కాలు పెట్టాడు. ముక్కు వంచాడు.

ఆ ముక్కు టక్కున రాగి చిప్పకి తగిలింది. ఎప్పుడు పాకిందో, ఎలా అడ్డుపడిందో, చెల్లెల్ని తలతో నెట్టి బోర్లా తిప్పేసింది.

"పడిందని చూద్దామని వచ్చానమ్మా" అన్నాడు ధవళయ్య, ముక్కు రుద్దుకుంటూ.

"చూసేది కళ్లతో కదా మావయ్యా" అంది రాగి.

ఈ గోలకి బొల్లి పరుగెత్తుకొచ్చింది. వెనకే పంకజం. ధవళయ్య ఏమాత్రం తడబడలేదు. వాదన అంటే అదీ, జరిగిన దెబ్బనే తనకి సాక్ష్యం చేసుకున్నాడు.

"చూశావా బొల్లమ్మా, ఈ కాసిన్ని నీళ్లలోనే ఇంత ప్రమాదం. ఇంకా తగ్గించు. అసలు తడి ఉంటే చాలు."

బొల్లి అయోమయంగా పలక వైపు చూసింది. తగ్గిస్తే బొత్తాం ఇంకోసారి పడుతుంది, అప్పుడు రాగి పక్కన ఉంటుందో లేదో. రాగికి భయం వేసే ఉంటుంది. కానీ ఆ పిల్ల గొంతు వణకలేదు. నాకు నచ్చింది అదే.

"పిన్నీ, నీళ్లు తగ్గించే ముందు ఒక పని చెయ్యి. నన్ను నీ మూతితో వెల్లకిలా పడెయ్."

"పిచ్చా నీకు?"

"పడెయ్ పిన్నీ."

బొల్లి పడేసింది. రాగి మెడ చాచింది, కాళ్లు కొట్టుకుంది. చిప్ప గచ్చు మీద గరగర రాసుకుంది. అంతే, లేవలేదు. బొల్లికి చూడబుద్ధి కాలేదు.

"ఇప్పుడు పలక ఎత్తు" అంది రాగి, పడుకునే.

నీళ్లొచ్చాయి. చిప్ప మునిగింది. ఇంకా పెరిగాయి. చిప్ప అంచు మీద నిలబడేంత లోతు వచ్చేసరికి రాగి ఒళ్లు నీళ్లలో తేలికైంది. ఒక్క పొర్లు. బోర్లా తిరిగి, ఏమీ జరగనట్టు ఈదుకుంటూ వచ్చేసింది.

"ఓసి నీ తెలివీ" అంది బొల్లి. "మరి నింపెయ్యనా?"

"నా చిప్ప పొడవుకి రెండింతలు చాలు. ఈదడానికి, తిరగడానికి అది సరిపోతుంది. చెల్లి చిన్నది, మాటిమాటికీ పైకొచ్చి ఊపిరి పీల్చాలి. పంకజం అత్తా, ఆ నరికిన అరటి బోదె ఇటు నెట్టవా?"

పంకజం నెట్టింది. బోదె నీళ్ల మీద తేలింది. నీళ్లు పెరిగితే అదీ పెరుగుతుంది, తగ్గితే అదీ తగ్గుతుంది. బొత్తాం అడుగునుంచి రివ్వున పైకొచ్చి, బోదె మీదకెక్కి, ఎండలో మెడ చాచుకుని కూర్చుంది.

అప్పుడు రాగి ఎంతో మర్యాదగా అంది:

"మావయ్యా, ఆచారం తప్పకూడదు. మీ కాలితో ఒకసారి కొలిచి, సరిపోయిందని మీ నోటితో చెప్పండి."

పదిమందిలో పిలిచారు, పెద్దరికం ఊరుకోదు. ధవళయ్య తొట్టిలో దిగాడు. కాళ్లు మునిగాయి, పొట్ట మునిగింది, గచ్చు మీద పాదం జారింది. రెక్కలు తపతప కొట్టుకుంటూ అరిచాడు.

"ఇదేం లోతు? ఈ నీళ్లలో నేనెలా నిలబడేది?"

రాగి నీళ్లలోంచి తల పైకెత్తింది.

"మీరెందుకు నిలబడాలి మావయ్యా? ఉండేది మేం కదా."

బొల్లి నెమరు ఆపేసింది. ధవళయ్యని చూసింది, బొత్తాంని చూసింది, నిన్న ఆ చూపు ఎక్కడ ఆగిందో గుర్తు తెచ్చుకుంది. కొమ్ము వంచింది. ధవళయ్య తడి ఈకలతో, ఎగరలేక, అరటిచెట్ల మధ్య పరుగెత్తుతుంటే పంకజం వెనకాలే వెళ్లి గేటుదాకా సాగనంపింది.

ఆ రోజు నుంచి ఆ తోటలో నీళ్ల కొలత రాగి చిప్ప.

నీటి లోతు నిర్ణయించాల్సింది అందులో బతికే ఒళ్లు, ఒడ్డున నిలబడే కాలు కాదు.

మీ ఇంట్లో తాబేలు తొట్టి ఉంటే ఇప్పుడే లేచి వెళ్లండి. దాని చిప్ప పొడవు చూడండి, దానికి రెండింతలకి తగ్గకుండా నీళ్లు పోయండి, ఎక్కి కూర్చోడానికి ఒక చెక్క వేయండి. ఆ తర్వాత కాసేపు పక్కన కూర్చుని, అది ఏం చెబుతుందో చూడండి.