కడగని సీసా పొంగు

“ఒక పేదవాణ్ణి చూపించి పదిమందినీ నవ్వించి, అది నీ విద్య అనుకున్నావు. సిగ్గుండాలి, నరహరీ.”

అడిగిన ప్రశ్నకు గురువు పరదేశిగారు ఇచ్చిన మొదటి జవాబు ఇది. తాను ఉపన్యసిస్తే జనం ఊగిపోతారు, తమరు చెబితే ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటారు, ఎందుకు స్వామీ అని అడిగాడు నరహరి. కిందటి సాయంత్రం తాగుడు గురించి చెబుతూ, ముందు వరసలో ఉన్న రిక్షా ఎర్రయ్యను పేరు పెట్టి లేపి, అతని తూలు నడకను నడిచి చూపించాడు. పందిరంతా ఈలలు. ఎర్రయ్య కూతురు తలవంచుకుని లేచి వెళ్లిపోవడం నరహరి కంట పడింది. చూడనట్టే ఊరుకున్నాడు.

ఇప్పుడు గురువుగారి ముందు అతని చెవులు వేడెక్కాయి. ఆయన తన ఊళ్లో గోళీసోడా దుకాణం పెట్టిన దాలినాయుడి సంగతి చెప్పసాగారు.

సోడా పని తేలికేమీ కాదట. చల్లటి నీళ్లలోకి గ్యాసు దట్టించి, సీసాను చట్రంలో పెట్టి గిరగిరా తిప్పాలి. లోపలి గ్యాసే గోళీని మూతికి అదిమి పట్టి ఉంచుతుంది. గోళీ నొక్కగానే గ్యాసు బయటపడాలని చూస్తుంది కానీ, శుభ్రమైన నున్నటి గాజు మీద బుడగకు చోటు దొరకదు. అందుకే మంచి సోడా మెల్లగా, చాలాసేపు పొంగుతుంది. మురికి, గార పట్టిన సీసాలో మాత్రం ప్రతి గరుకు దగ్గరా బుడగ పుట్టి, ఒక్కసారిగా బుస్సుమని ఎగజిమ్ముతుంది. రెండో గుక్కకు మిగిలేది చప్పటి నీళ్లే.

ఒకనాడు సరిగా తోమని సీసా అలా పొంగితే జనం భలే సోడా అని మెచ్చుకున్నారు. ఆనాటి నుంచి సీసాలు పైపైన కడిగితే చాలునని దాలినాయుడు పెళ్లాం పారమ్మతో చెప్పాడు. సందు చివర, సీసాలు రోజూ తోమే అతని అన్న దుకాణం వెలవెలబోయింది.

ఒక మధ్యాహ్నం దాలినాయుడి తల్లికి కడుపుబ్బరం ఎక్కువై ఊపిరి ఆడలేదు. పారమ్మ ఇంటి నుంచి పరుగున వచ్చింది. గిరాకీ నిండుగా ఉన్న మొగుడి దుకాణం దాటి సందు చివరికి నడిచింది. ఎక్కడికే అని దాలినాయుడు కేకేశాడు.

“బావగారి దగ్గరికి, అత్తకి సోడా తేవడానికి. మన సీసాలు కడిగేది నేనే కదయ్యా” అంది.

తాగుతున్నవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. దాలినాయుడి చేతిలో సీసా ఇంకా పొంగుతూనే ఉంది.

నరహరి తల ఎత్తలేకపోయాడు. మరి అతని వ్యాపారం పోయిందా అని నేల చూస్తూనే అడిగాడు.

“ఎందుకు పోతుంది? నాలుగు రోజులకు జనం మరిచిపోయారు, మళ్లీ తాగారు” అన్నారు పరదేశిగారు. “అతని ఇంట్లోవాళ్లు మాత్రం చచ్చేదాకా అతని చేతి సోడా ముట్టలేదు.”