విచారణలో ఉన్న రాయి

ఒకానొక రాజ్యంలో, తీర్పుల కన్నా శాసనాలే ఎక్కువగా వెలువడే రోజుల్లో, రణగండ భూపాలుడనే రాజు తన పాలనకు ఇరవయ్యేళ్లు నిండిన గుర్తుగా ఒక శిలాశాసనం చెక్కించాడు. "ఈ ప్రభువు ఏలుబడిలో నిరపరాధి ఒక్కడైనా శిక్ష పొందలేదు" అన్నది అందులో చివరి పంక్తి. దాన్ని కోట వాకిట నిలబెట్టే ముహూర్తానికి పొరుగు రాజుల రాయబారులు రానున్నారు.

ఆ పంక్తిని సభలో చదివి వినిపించినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. మాటనేర్పు ఒక్కటే ఆస్తిగా కొలువులో నెట్టుకొస్తున్న తిప్పరసు మాత్రం లేచి నిలబడ్డాడు.

"ప్రభూ, పడవ నడిపే సింగన పదకొండేళ్లుగా చెరసాలలో ఉన్నాడు. రాజోద్యానంలో నెమలిని చంపాడని తోటకాపరి నింద మోపాడు. ఆ నేరానికి శిక్ష ఆరు నెలలే."

న్యాయాధికారి కేశవ సోమయాజి జాలిగా నవ్వాడు. "తిప్పరసుగారికి ధర్మశాస్త్రం కొత్త. నింద పడినవాడు నిందితుడు. నేరం రుజువైతేనే దోషి. శిక్ష దోషికే. సింగన దోషి అని మేమెన్నడూ అనలేదే! విచారణ కోసం ఉంచాం. దాన్ని నిర్బంధం అంటారు, శిక్ష అనరు."

"ఆ విచారణ ఎప్పుడు?"

"వరుస వచ్చినప్పుడు."

రాజు మీసం దువ్వాడు. "విన్నావా తిప్పరసూ? నా శాసనంలో తప్పు లేదు."

"లేదు ప్రభూ. అదే నా బాధ."

కోట బయట సింగన భార్య ఎర్రక్క గంజికుండతో నిలబడి ఉంది.

"ఏమన్నారు బాబూ?"

"శిక్ష వేయలేదన్నారు."

"అయితే వేయించండి బాబూ. ఆయన నెమలిని ముట్టుకోలేదు. పోనీ, ముట్టుకున్నాడనే రాసుకోండి. శిక్షయితే ఏనాడు వదులుతారో చెబుతారు గదా! మొన్న నన్ను చూసి, ఎవరమ్మా నువ్వు అని అడిగాడు. ఇంకో ఏడాది పోతే వదిలినా ఇంటికి వచ్చేదెవరు?"

మరునాడు తిప్పరసు న్యాయస్థానానికి వెళ్లి, లేఖకుడి చేత ఒక అభియోగం రాయించి ఇచ్చి వచ్చాడు.

ముహూర్తం రోజున రాయబారులు వచ్చారు, మేళాలు మోగాయి, రాజు పల్లకి దిగాడు. పీఠం మీద రాయి లేదు.

"నా శాసనమేదీ?"

సోమయాజి నుదురు తుడుచుకున్నాడు. "న్యాయస్థానపు కొట్లో ఉంది మహాప్రభూ. ఆ రాయి తన పొలం గట్టుదని ఒకరు అభియోగం పెట్టారు. వివాదం పడిన వస్తువు ఎవరిదైనా సరే, విచారణ ముగిసేదాకా ముద్ర వేసి ఉంచాలని తమ ఆజ్ఞే. భటులు దాని మీద ఏం రాసి ఉందో చదవలేదు."

"విచారణ ఎప్పుడు?"

తిప్పరసు ముందుకు వచ్చాడు. "రాయికి ముందు వరుసలో రెండు వందల పదమూడు మంది మనుషులున్నారు ప్రభూ. ఇప్పుడు సాగుతున్న తీరు చూస్తే ఇరవయ్యేళ్లు పడుతుంది."

"ఇరవయ్యేళ్లా! ఏం తప్పు చేశానని నాకీ శిక్ష?"

"శిక్ష కాదు ప్రభూ, నిర్బంధం. రాయి దోషి అని ఎవరూ అనలేదు."

రాయబారులు ఉత్తరీయాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. రాజు కళ్లెర్రజేశాడు. "అభియోగం నీదేనా? ఆ రాయి నిజంగా నీ పొలానిదేనా?"

"కాదు ప్రభూ. నాకసలు పొలమే లేదు."

"మరి ఆ మాట ముందే ఎందుకు చెప్పలేదు?"

"ఎవరూ అడగలేదు. మొదట అడిగింది తమరే. ఆ ఒక్క ప్రశ్ననే విచారణ అంటారు. సింగన పదకొండేళ్లుగా దానికోసమే ఎదురుచూస్తున్నాడు."

అంతమంది ముందు కోపగించుకోలేక రాజు పగలబడి నవ్వాడు. "సరే, నీ పడవవాణ్ణి ఇప్పుడే విచారించండి!"

అన్నం ఉడికేంత సేపు కూడా పట్టలేదు. నింద మోపిన తోటకాపరి చనిపోయి ఆరేళ్లయింది. తోటలో పూలు కోసే ముసలమ్మను పిలిచి అడిగారు.

"ఆ నెమలా? మూడోనాడే తిరిగొచ్చి గోడ మీద వాలింది దొరా. అది చచ్చిందని ఎవరన్నారు?"

సోమయాజి సింగనను నిరపరాధి అని ప్రకటించాడు. సింగన ఎండకు కళ్లు చికిలించి, చేతులు జోడించాడు. "అయ్యా, మరి నేను ఇన్నేళ్లూ లోపల ఉన్నదాన్ని ఏమంటారు?"

సోమయాజి చేతిలోని గ్రంథం వైపు చూశాడు. అందులో దానికి పేరు లేదు. ఎర్రక్క వచ్చి భర్త చెయ్యి పట్టుకుంది. నాలుగడుగులు వేసి సింగన ఆగిపోయాడు, ఎవరో అనుమతి ఇవ్వాలన్నట్టు. ఆమె మెల్లగా లాగితే కదిలాడు.

ముహూర్తం దాటకముందే శాసనం పీఠమెక్కింది. రాజు తన బంగారు కంకణం తీసి తిప్పరసు చేతికి తొడిగాడు. "ఇంతగా నేను నవ్వి ఎన్నాళ్లయిందో!"

"మిగతావాళ్ల సంగతి, ప్రభూ?"

"వాళ్లకూ వరుస వస్తుందిలే. లేదా మళ్లీ నన్ను ఇలాగే నవ్వించు, ఇంకొకణ్ణి వదిలేస్తాను" అంటూ రాజు మరోసారి నవ్వి, రాయబారులతో విందుకు వెళ్లిపోయాడు.

రాజు ఒకే చమత్కారానికి రెండుసార్లు నవ్వే మనిషి కాడు. తిప్పరసుకు అప్పటికి అరవై ఎనిమిదేళ్లు. లోపల ఇంకా రెండు వందల పన్నెండు మంది ఉన్నారు.