గంపెడు మట్టి

కొండవారన ఒక పనికిరాని రాళ్ళదిబ్బ ఉండేది. పెళ్ళయిన కొత్తలో దాలయ్య గుడిసెకు చోటడిగితే, దొర నవ్వి ఆ దిబ్బ చూపించాడు. దాలయ్య రాళ్ళేరి గోడ పేర్చాడు. రోజూ ఏటి ఒడ్డు నుంచి ఒక గంప ఒండ్రుమట్టి నెత్తిన మోసుకొచ్చి పోశాడు. ముప్పై ఏళ్ళకు ఇంటిచుట్టూ పనసలు, సంపెంగలు, బంతిపూల మళ్ళు లేచాయి. అతని మోకాళ్ళు మాత్రం అరిగిపోయాయి.

సంపెంగల వాసన దివాణం దాకా వెళ్ళింది. దొర పరివారంతో దిగాడు.

"ఒరే దాలిగా, ఉండమన్నానే గాని ఇచ్చేశానా? ఈ తోట నాకు కావాలి. నువ్వు తెచ్చుకున్నవన్నీ పట్టుకుపో. నీది రవ్వంత కూడా నాకొద్దు!"

"చిత్తం బాబూ," అన్నాడు దాలయ్య. వాదించే ఓపిక లేదు. గునపం తెచ్చి, సంపెంగ మొదట్లో తవ్వి గంపకెత్తసాగాడు.

"ఏం చేస్తున్నావురా?"

"నాది పట్టుకుపోతున్నాను బాబూ. తమ రాళ్ళు తమకు గోడలో భద్రంగా ఉన్నాయి. మట్టంతా నేను తెచ్చుకున్నదే."

"మట్టి తీసేస్తే చెట్లు బతుకుతాయా?"

"బతకవు బాబూ. తేవడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. అప్పుడు మోకాళ్ళుండేవి. ఇప్పుడు ఎన్నేళ్ళు పడుతుందో, తమరే కాస్త ఓపిక పట్టాలి," అంటూ నిండిన గంపను నెత్తికెత్తుకున్నాడు.

పరివారంలో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. దొర ముఖం ఎర్రబడింది.

"దించరా ఆ గంప! నీ తోటలో నువ్వే ఏడువు!" అని వెళ్ళిపోయాడు.

దాలయ్య మట్టిని మళ్ళీ చెట్టు మొదట్లోనే కుమ్మరించి కూలబడ్డాడు.

"గెలిచావు గదయ్యా!" అంది భార్య.

"ఏం గెలుపే," అన్నాడు మోకాళ్ళు రుద్దుకుంటూ. "మోసిన మట్టినే మళ్ళీ మోయించాడు."