మధ్యలో వేసిన అల

చిన్న కథే. రెండు ముక్కల్లో చెప్పేస్తాను.

మా ఊరికి ఆనుకున్న కొండమీద ఆశ్రమంలో వంటవాడు సూరయ్య. అతను మిరపకాయల తాలింపు వేస్తే కింద బస్టాపులో జనం దగ్గుతారు. అయినా ఆ భోజనం కోసమే అందరూ కొండెక్కుతారు, స్వామివారి బోధ కోసమని చెప్పుకుంటూ. మా ప్రెసిడెంటుగారు బోధ మొదలవగానే కళ్లు మూసుకుని, విస్తళ్లు పరిచే చప్పుడికి తెరుస్తారు. ఆయన ధ్యానం అంత లోతు. సరే, కథ వీళ్లిద్దరిదీ కాదు. శిష్యుడు వామనరావుది.

సూరయ్య ఆదివారాలు మనవణ్ణి చూసి రావాలన్నాడు. దాంతో స్వామివారు బోధనీ భోజనాన్నీ గురువారానికి మార్చారు. “ఈ సంగతి ఆశ్రమం వెబ్‌సైట్‌లో పెట్టు నాయనా” అని వామనరావుకి చెప్పారు.

వామనరావు పట్నంలో కంప్యూటర్ల పని వదిలి వచ్చినవాడు. పని వదిలాడు గానీ పనితనం వదల్లేదు. వెబ్‌సైట్లు కట్టుకునే సాధనాలు మూడు తెచ్చి ముందేసుకున్నాడు. పేజీలో ఒక భాగానికీ ఇంకో భాగానికీ మధ్య వేసే అలంకారపు గీతల దగ్గర ఆగిపోయాడు. మొదటిదాంట్లో పందొమ్మిది రకాల అలలు, ఎత్తు మన ఇష్టం. రెండోదాంట్లో కొండల వరస, కానీ ఫోన్‌లో చూస్తే చీమల పుట్టల్లా ఉన్నాయి. మూడోదాంట్లో మబ్బులు కదులుతాయి. పట్టిక గీసి మార్కులు వేశాడు. పదమూడు రోజులు గడిచాయి. గురువుగారు చూసి మెచ్చుకోవాలని అతని ఆశ.

ఆదివారం నాడు మా ఊరి ముసలావిడ మాణిక్యమ్మ చంకలో సొరకాయతో మూడొందల మెట్లూ ఎక్కింది.

“పొయ్యి చల్లగా ఉందేం నాయనా?”

“గురువారానికి మార్చాం కదమ్మా.”

“ఎవరితో చెప్పారు? నా మనవరాలు ఫోన్‌లో మీ ఆశ్రమం చూసింది. సముద్రం ఉందిట, మబ్బులున్నాయిట. ఏ వారం రావాలో మాత్రం లేదుట.”

“ఇంకా పరీక్షిస్తున్నానమ్మా. అల బాగుంటుందా, మబ్బు బాగుంటుందా?”

“నా మోకాళ్లనడుగు.”

స్వామివారు విన్నారు. తానే పొయ్యి వెలిగించి ఆ సొరకాయతోనే పప్పు చేశారు. ఇద్దరికీ విస్తళ్లు వేశారు. మాణిక్యమ్మకి నిండుగా అన్నం పెట్టారు. తర్వాత వామనరావు ముందు కూర్చుని, అతని విస్తట్లో పప్పుతో ఒక అల గీశారు. దాని కింద కందిపొడితో కొండల వరస. ఆ కింద పెరుగుతో మబ్బులు. తల పక్కకి వంచి చూసి, అల చెరిపి మళ్లీ గీశారు.

“స్వామీ, అన్నం?”

“తొందరేముంది నాయనా. ఈ అల ఎత్తు చాలంటావా?”

“నాకు చాలు గానీ, ఇంకాస్త పప్పు వెయ్యండి” అంది మాణిక్యమ్మ.

వామనరావు విస్తరి కేసి చాలాసేపు చూశాడు. లేచి వెళ్లిపోయాడు.

గంటలో తిరిగొచ్చి ఫోన్ చూపించాడు. పైన: గురువారం, పదకొండింటికి బోధ, పన్నెండున్నరకి భోజనం. కింద: మెట్లు మూడొందలు, కుడిపక్క పట్టుకోవడానికి కమ్మీ ఉంది, ఎక్కలేనివాళ్లు ఈ నంబరుకి చెబితే క్యారేజీ కిందికి వస్తుంది. అంతే.

అప్పటికి అతని విస్తట్లో అన్నం ఉంది, పైన ఇంకో విస్తరి కప్పి.

స్వామివారు ఫోన్ దగ్గరగా పెట్టుకుని చదివారు. “అల ఏదీ?”

“తీసేశాను స్వామీ.”

“ఎందుకూ? ఇప్పుడు దానికి పైనా కిందా ఏదో ఉందిగా.”

వామనరావు మధ్యలో ఒక అల వేశాడు, పట్టిక చూడకుండా.

ఆ గురువారం జనం ఎంతమంది వచ్చారంటే, చివరి బంతిలో కూర్చున్న వామనరావు దాకా వచ్చేసరికి అన్నం అయిపోయింది. పప్పూ కందిపొడీ మిగిలాయి. వాటితో అల గీసుకుని తిన్నాడు.