కటాఫ్‌కి కింద

శేషఫణి ప్రాణం తోడేస్తున్నది ఒకటే: తెర మీద ఎడమ మూలన గడ్డిలా మొలిచే పిచ్చి గీతలు.

గామా కిరణం తగిలితే జర్మేనియం డిటెక్టర్ చిన్న విద్యుత్ సంకేతం ఇస్తుంది. దాన్ని పెంచి, కొలిచి, తెర మీద గీతగా చూపించే సర్క్యూట్‌ని శేషఫణి సొంతంగా కట్టాడు. బలమైన కిరణాల దగ్గర బాగానే పనిచేసేది. బలహీనమైనవి వచ్చేసరికి ఏది కిరణమో, ఏది సర్క్యూట్ సొంత రొదో తేలేది కాదు. మూడు నెలలు కుస్తీ పట్టాడు. ఇంతలో ఒక ఫ్యాక్టరీ కాలువ పక్క ఊరి నుంచి బోరు నీళ్ల సీసా పరీక్షకు వచ్చింది. త్వరగా తేల్చమని పైనుంచి రోజూ ఫోన్లు. విసుగెత్తి కటాఫ్ పైకి జరిపేశాడు. దానికి దిగువన ఏమొచ్చినా సర్క్యూట్ ఇక లెక్కచెయ్యదు. నీళ్లలో ఏమీ లేదని రిపోర్టు పంపేశాడు.

రెండు వారాలకు అతని గైడు, ప్రొఫెసర్ మార్తమ్మ ల్యాబ్‌కి వస్తే గొప్పగా చూపించాడు.

"రొద మొత్తం పోయింది మేడం."

"ఎక్కణ్ణించి వస్తోందో దొరికిందా?"

"లేదండీ. కటాఫ్ కాస్త పెంచాను."

ఆవిడ బీరువాలోంచి అమెరీషియం బిళ్ల తీసి డిటెక్టర్ ముందు పెట్టింది. అది వదిలేది బలహీనమైన కిరణాలే అని ల్యాబ్‌లో నిన్న చేరినవాడికి కూడా తెలుసు. ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు. ఐదు నిమిషాలైనా తెర మీద ఏమీ రాలేదు.

శేషఫణి బిళ్లని ఇంకాస్త దగ్గరికి జరిపాడు. అయినా అంతే.

మార్తమ్మ బిళ్ల తీసేసి కటాఫ్ దించింది. గడ్డి మళ్లీ మొలిచింది. కేబుళ్లు ఒక్కొక్కటే కదిపి చూసి, బల్ల కిందికి వంగి వదులుగా ఉన్న ఎర్త్ స్క్రూ బిగించింది. రొద అణిగిపోయింది. అప్పుడు బోరు నీళ్ల సీసా పెట్టి మర్నాటి దాకా వదిలేసింది.

మర్నాడు వచ్చి చూస్తే, అతను కొట్టిపారేసిన చోటే ఒక గీత నిటారుగా లేచి ఉంది. రేడియోధార్మిక సీసం.

"ఇప్పుడే కొత్త రిపోర్టు రాసేస్తాను మేడం," అన్నాడు శేషఫణి.

"తర్వాత రాద్దువు గాని. ముందు ఆ ఊరి సర్పంచికి ఫోన్ చెయ్యి."

చేశాడు. పేరు చెప్పాడో లేదో, అవతలాయన అందుకున్నాడు.

"మీ చలవేనండీ బాబూ! ఆ రిపోర్టు రాగానే ట్యాంకరు నీళ్లు మానిపించేశాం. ఇప్పుడు ఊరంతా బోరు నీళ్లేనండీ. బళ్లో పిల్లలక్కూడా అవే పోస్తన్నాం."

శేషఫణి ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏమని చెప్పను మేడం? అప్పుడు కనబడలేదని చెప్పనా?"

రిపోర్టు నకలు బల్ల మీదే ఉంది. అతని సంతకం పక్కన, అతను తీసుకెళ్లిన రోజే ఆవిడ పెట్టిచ్చిన సంతకం కూడా ఉంది. మార్తమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది.

"చూడలేదని చెప్పు," అంది. "ఇద్దరమూ."